తోడు చుక్క

పాక్స్‌టన్ ఊరవతల, ఇల్లినాయ్ నేల
కాటుకంత నలుపు.
లెరాయ్ ఆప్‌హాఫ్ ఒక మొక్కజొన్న కాండాన్ని
రెండు వేళ్ళతో పట్టి లాగాడు.
పాలపన్ను ఊడినట్టు వచ్చేసింది.
"చూడు" అన్నాడు. అంతే అన్నాడు.
వేళ్ళుండాల్సిన చోట
అరిగిపోయిన చీపురు.

వాళ్ళ నాన్న నేర్పిన లెక్క ఒకటే:
ఈ ఏడు మొక్కజొన్న, వచ్చే ఏడు సోయా.
పురుగు మొక్కజొన్న చేలో గుడ్లు పెట్టి పోతుంది,
పిల్లలు కళ్ళు తెరిచేసరికి
చుట్టూ సోయా వేళ్ళు, సయించని కూడు.
ఆకలికి పోతాయి.
మందు కొననక్కర్లేదు, పంట మారిస్తే చాలు.

ఆ లెక్క చాలాకాలం తప్పలేదు.
తర్వాత ఏ ఏడో, ఏ జులైలోనో,
ఒక ఆడపురుగు గట్టు దాటింది.
సోయా ఆకు కొరికింది, చావలేదు.
ఆ మట్టిలోనే గుడ్లు పెట్టింది,
వచ్చే ఏటి మొక్కజొన్న కోసం,
ఆర్టీసీ బస్సు కిటికీలోంచి
సీటు మీద రుమాలు వేసినట్టు.

"దానికి ఎవరు చెప్పారు?" అంటాడు లెరాయ్.
నా జీతం ఆ ప్రశ్నకే.

ల్యాబులో నా పని చిన్నది.
వరిగింజంత పసుపు పురుగు, వీపున నల్ల చారలు,
మంచుముక్క మీద పెడితే కదలడం మానేస్తుంది.
ఒక పట్టకారుతో తల, ఇంకోదానితో తోక,
ఊపిరి బిగబట్టి లాగాలి.
తడిసిన దారప్పోగులా పేగు బయటికొస్తుంది.
తెగకుండా వచ్చిన రోజు
క్యాంటీన్‌లో నేనే కాఫీ ఇప్పిస్తాను.

ఆ పోగులో జనం.
పేర్లు లాటిన్‌లో ఉంటాయి, నాకు సగం నోరు తిరగవు.
సోయా ఆకు ఊరికే ఉండదు,
కొరికినవాడి అరుగుదలకి తాళం వేస్తుంది.
ఆ తాళం తీసేది పురుగు కాదు.
పురుగుకి తాళం ఉన్నట్టే తెలీదు.

సగం పురుగులకి యాంటీబయాటిక్ కలిపిన తిండి పెట్టాం.
తర్వాత అన్నిటికీ సోయా ఆకు.
మందు తిన్నవి ముందు పోయాయి.
నోటుబుక్కులో నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత,
మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డం.
డాక్టర్ ఎస్పార్జా బల్ల మీద చరిచి నవ్వింది.
నాకు ఫిబ్రవరి గుర్తొచ్చింది:
దవడ వాచి పది రోజులు మాత్రలు మింగిన ఫిబ్రవరి,
ఏం తిన్నా నిలవని కడుపు,
లోపల అద్దెకున్నవాళ్ళెవరో
చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసినట్టు.

ఆ సాయంత్రం లెరాయ్ విన్నాడు,
ట్రక్కు తలుపు మీద మోచెయ్యి ఆనించి.
"అయితే నా చేను తిన్నది పురుగు కాదంటావ్."
"పురుగే. కాకపోతే ఒక్కతే కాదు."
"ఆ క్రిముల్ని చంపే మందు చల్లితే?"
ఏం చెప్పను?
అతను నిలబడ్డ నేలలో ఆ నలుపంతా
ఎవరి కష్టమో?
బూటు మొనతో మట్టి కెలికి కాసేపు చూశాడు.
"సోయా ధర మళ్ళీ పడింది" అన్నాడు,
బండెక్కి వెళ్ళిపోయాడు.

రాత్రి పాలు కాచాను.
వేలు ముంచి చూశాను, గోరువెచ్చన.
నా తోడు చలికాలంలో చెడిపోతే
అర్బానాలో జరీనా గిన్నెడు ఇచ్చింది.
ఆమెకి ఎవరో తెనాలావిడ, ఆవిడకి ఇంకెవరో.
మొదటి చుక్క ఎవరింటిదో
ఎవరూ అడగరు.

లెరాయ్‌కి ఈ మాట చెప్పబోయాను మొన్న.
పాలలో వేసేదీ తోడే,
చీకట్లో పక్కన నడిచేదీ తోడే అని.
అతని భాషలో రెండు ముక్కలైపోయింది,
ఆపేశాను.

గిన్నె ఓవెన్‌లో పెట్టి లోపలి దీపం వేశాను.
స్టవ్ గట్టు మీద ఒక పసుపు పురుగు,
నా చొక్కా మడతలో వచ్చినట్టుంది.
గాజుగ్లాసు బోర్లించి పట్టుకున్నాను.
పొద్దున ల్యాబుకి తీసుకెళ్ళాలి.
పెరుగు పేరుకుందో లేదో
ముందు చూసుకోవాలి.